బొట్టు పెట్టుకున్న మరబంట్లు

మరమనిషికి బొట్టు పెట్టడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. 2025 దసరా సెలవల్లో, బెంగుళూరు శివారున ఒక పెద్ద గోదాములో, ఆయుధపూజ నాడు చూశాను.

మరమనిషి అన్నాను గదా అని కాళ్లూ చేతులూ, మిటకరించే కళ్లూ ఉన్న ఆకారాన్ని ఊహించుకోకండి. భోజనాల పీటకు చక్రాలు బిగించి, దానిమీద లోతులేని పళ్లెం ఒకటి అమరిస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నది. అలాంటివాటిని వరసలు వరసలుగా నిలబెట్టి, ఒక్కొక్కదానికీ పసుపూ కుంకుమా అద్ది, పైన బంతిపువ్వు పెడుతున్నారు. ఇంతలో ఒక కుర్ర ఇంజనీరు ఆదుర్దాగా పరుగెత్తుకొచ్చాడు. అనంతపురం కుర్రవాడట.

"అక్కడ కాదండీ, అక్కడ కాదు! అది దాని కన్ను. కుంకం పడితే ఎదురుగా ఏముందో దానికి తెలీదు!"

పూజారిగారు నవ్వి, బొట్టు రెండంగుళాలు పక్కకు జరిపారు. చూడవచ్చినవాళ్లంతా నవ్వారు. నా పక్కన నిలబడ్డ మా నాన్నగారు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు సవరించుకుని, ఆ చక్రాల పీటలవంకే చూస్తూ, "ఏరా, నేను ముప్ఫై తొమ్మిదేళ్లు చేసిన పని ఇవేనటరా ఇప్పుడు చేసేది?" అన్నారు.

నాన్నగారు ఆర్.ఎమ్.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టరుగా చేసి రిటైరయ్యారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి గోదాముతో ఏం పని అని మీకు తోచవచ్చు. నాలుగేళ్ల కిందట మా కాలేజీలో స్పెషల్ తెలుగు తీసుకుని బి.ఏ. ప్యాసైన అమ్మాయి ఒకతె ఆ గోదాములో పనిచేస్తున్నది. పద్యం చదివితే క్లాసంతా నిశ్శబ్దమైపోయేది. ఎమ్.ఏ. చదవమన్నాను. ఇంట్లో జరుగుబాటు లేక చదవలేకపోయింది. దసరాకు వారం ముందు ఫోను చేసింది.

"మాస్టారూ, ఆయుధపూజకు ఇంట్లోవాళ్లను తీసుకురావచ్చన్నారు. మా అమ్మావాళ్లు అంతదూరం రాలేరు. మీరూ తాతగారూ రండి మాస్టారూ. తాతగారు చూడాలి ఇది. మీతో ఒక మాట కూడా మాట్లాడాలి."

ఆ మాట ఏమిటో వెళ్లేదాకా చెప్పలేదు. వెళ్లిన తరవాత క్యాంటీనులో టీ గ్లాసులు ముందు పెట్టి చెప్పింది. తమ్ముడు ఇంటర్మీడియట్ అయి ఊళ్లో ఊరికే ఉన్నాడు. పండగల రద్దీకి ఇక్కడ మనుషుల్ని తీసుకుంటున్నారు. వాణ్ణి కూడా నీ దగ్గరికి పిలిపించుకోమని తల్లి పోరు. "రమ్మనమంటారా మాస్టారూ, వద్దంటారా? నాకు ఎటూ పాలుపోవటం లేదు."

ఛందస్సు గురించి అడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ణి. దీనికి జవాబు నా దగ్గర లేదు. ముందు నీ పని ఏమిటో చూపించమ్మా అన్నాను.

పావురాల గూళ్లు

మనం ఇంట్లో కూర్చుని చీరో, చెప్పులో, పిల్లవాడికి పలకో తెప్పించుకుంటాం. ఆ వస్తువు తలుపు తట్టేలోగా ఎన్ని చేతులు మారుతుందో ఆలోచించం. వేల పార్సెళ్లు ఒకచోట గుట్టగా పడతాయి. వాటిలో కడపవి కడప సంచిలోకీ, కాకినాడవి కాకినాడ సంచిలోకీ చేరాలి. దీనికే సార్టింగు అని పేరు. వినడానికి ఇంతే. కాని ఒక్క పార్సెలు సంచి తప్పితే, పెళ్లికి తెప్పించుకున్న చీర పదహార్రోజుల పండగ దాటాక వస్తుంది.

నాన్నగారి కాలంలో ఇదంతా చేతిపని. రాత్రి మెయిలుబండిలో, ఊగే పెట్టెలో నిలబడి, ఎదురుగా గోడనిండా ఉన్న చదరపు గూళ్లలోకి ఉత్తరాలు విసిరేవారు. పావురాల గూళ్లని వాటికి పేరు. స్టేషను వచ్చేసరికి ఆ ఊరి సంచి కట్టి, లక్క ముద్ర వేసి, దించెయ్యాలి. ఏ పల్లె ఏ బండి దారిలో ఉందో, ఏ తపాలాఫీసు కిందికి వస్తుందో అంతా నోటికి రావాలి.

ఆయన ఉద్యోగంలో చేరిన యేడే, 1972 ఆగస్టు 15న, పిన్‌కోడు వచ్చింది. "నేనూ పిన్నూ ఒక బ్యాచి" అని ఇప్పటికీ అంటూంటారు. దాన్ని ఏర్పాటు చేసినాయన శ్రీరామ్ భికాజీ వేలంకర్ అని, కేంద్ర ప్రభుత్వంలో పెద్ద అధికారి. అంతకన్న విశేషం, ఆయన సంస్కృతంలో కావ్యాలూ నాటకాలూ రాసిన కవి. ఒకే పేరున్న ఊళ్లూ, రకరకాల లిపులూ, చదవ శక్యంగాని దస్తూరీలూ తపాలాను తికమక పెడుతుంటే, కవిగారు ఆరంకెలతో దారి చూపించారు. విజయవాడ హెడ్డు పోస్టాఫీసు 520001 తీసుకోండి. మొదటి 5 మన తెలుగు రాష్ట్రాలకూ, కర్ణాటకకూ కలిపిన మండలం. మొదటి మూడంకెలు కలిస్తే సార్టింగు జిల్లా. చివరి మూడూ ఉత్తరం పంచే ఆఫీసు. భాష చదవనక్కర్లేదు, అంకె చదివితే చాలు.

అంకె చదివితే చాలన్న ఆ ఒక్క మాటలోనే ఇవాళ్టి మరబంటు పుట్టుక ఉన్నదనుకుంటాను. ఊరిపేరు తెలిసిన మనిషి చెయ్యవలసిన పనిని, అంకె తెలిసిన యంత్రం చెయ్యడానికి దారి ఆనాడే పడింది.

బెల్టు నుంచి బంటు దాకా

యంత్రాలతో సార్టు చెయ్యడం కొత్తగాదు. పెద్ద గోదాముల్లో పొడుగాటి రబ్బరు బెల్టులు తిరుగుతూ, ఎక్కడికక్కడ పార్సెళ్లను పక్కకు నెట్టే ఏర్పాటు చాలాకాలంగా ఉన్నది. దాంతో వచ్చే చిక్కల్లా, అది ఇల్లు కట్టినట్టు నేలకు బిగించిన వ్యవహారం. ఒకచోట మోటారు చెడితే వరసంతా ఆగుతుంది. దీపావళికి రద్దీ పెరిగిందని బెల్టును సాగదియ్యలేం. వ్యాపారం వేరే ఊరికి మారితే చుట్టి పట్టుకుపోనూ లేం.

ఈ చిక్కుకు విరుగుడు అమెరికాలో ఒక దివాలాలోంచి వచ్చింది. ఇంటింటికీ సరుకులు చేరవేస్తామని బయలుదేరిన వెబ్‌వాన్ అనే కంపెనీ 2001లో మూతబడింది. అందులో పనిచేసిన మిక్ మౌంట్జ్ అనే ఆయన, సరుకుల కోసం మనిషి గోదామంతా తిరగడంలోనే ఖర్చంతా ఉన్నదని గ్రహించి, 2003లో కీవా సిస్టమ్స్ అనే సంస్థ పెట్టాడు. ఆయనతో చేరినవారిలో రఫాయెల్లో డియాండ్రియా ఒకరు. ఈయన కార్నెల్ యూనివర్సిటీలో ఆచార్యుడుగా ఉన్నప్పుడు ఫుట్‌బాలాడే మరబొమ్మల జట్టును తయారుచేసి ప్రపంచ పోటీల్లో గెలిపించినవాడు. బంతి వెనక గుద్దుకోకుండా పరుగెత్తే బొమ్మలు, బీరువాల కింద దూరి వాటిని ఎత్తుకు రాలేవా? వచ్చాయి. మనిషి నిలబడ్డచోటికే బీరువా నడిచి వచ్చింది. 2012లో అమెజాన్ ఆ సంస్థను 77 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనేసింది. 2025 నాటికి తమ గోదాముల్లో ఇలాంటి యంత్రాలు పది లక్షలకు చేరాయని ఆ కంపెనీ ప్రకటించింది.

బీరువాలు మోసే బంట్ల తరవాత పార్సెళ్లు పంచే బంట్లు వచ్చాయి. చైనాలో ఎస్.టి.ఓ. ఎక్స్‌ప్రెస్ అనే పార్సెళ్ల కంపెనీవారి చిన్న నారింజరంగు బంట్లు రోజుకు రెండు లక్షల పార్సెళ్లు పంచుతున్నాయని 2017లో ప్రపంచమంతా వింతగా చెప్పుకున్నది. బెంగుళూరు శివార్లలోనే ఫ్లిప్‌కార్టువారు 2019లో నూటికి పైగా బంట్లను దింపి, గంటకు 4,500 పార్సెళ్లు పంచగలవని చెప్పారు. ఇలాంటివి చేసేవారిలో మనవాళ్లకూ పేరున్నది. పిలానీ బిట్స్‌లో చదివిన సమయ్ కోహ్లీ, ఆకాశ్ గుప్తా 2011లో గ్రేఆరెంజ్ పెట్టారు. నోయిడాలో ఆడ్వెర్బ్ 2016లో మొదలైంది.

టోకెను లేనిదే కదలదు

పూజ అయిన తరవాత అరగంటకల్లా పని మొదలుపెట్టారు. పండగ రద్దీ గదా, ఆగదు. మేము ఇనపచట్రం ఇవతల నిలబడి చూశాం.

పైఅంతస్తు నేలంతా గళ్లు గళ్లుగా ఉంటుంది, పెద్ద అష్టాచెమ్మా పటంలాగ. గడిగడికీ మధ్యలో ఒక చుక్కల ముద్ర అంటించారు. బంటు కడుపుకింద ఉన్న కెమెరా ఆ ముద్రను చదివి, తాను ఎక్కడున్నదీ తెలుసుకుంటుంది. అక్కడక్కడ నేలలో చదరపు కంతలున్నాయి. ఒక్కొక్క కంతకింద, కింది అంతస్తులో, ఒక్కొక్క సంచి. ఒక సంచి తెనాలిది, ఒక సంచి తిరుపతిది.

ఒక చివర మనుషులు నిలబడి, గుట్టలోంచి పార్సెలు తీసి, చీటీ పైకి వచ్చేటట్టు బంటు పళ్లెంలో పెడతారు. పైనున్న కెమెరా చీటీ చదువుతుంది. కంప్యూటరు, ఇది ఫలాని కంతకు, ఈ దారిన పో అని బంటుకు చెబుతుంది. బంటు చురుగ్గా వెళ్లి, కంత పక్కన ఆగి, పళ్లెం వంచుతుంది. పార్సెలు జారి సంచిలో పడుతుంది. బంటు వెనక్కు తిరిగి వరసలో నిలబడుతుంది. ఒంట్లో విద్యుత్తు తగ్గితే తనంతట తానే గోడదగ్గరికి పోయి ఎక్కించుకుని వస్తుంది. సంచి నిండితే కింద దీపం వెలుగుతుంది. మనిషి వచ్చి మూతి కట్టి, కొత్త సంచి తగిలిస్తాడు. ఒక బంటు చెడిపోతే దాన్నొక్కదాన్నీ తీసి పక్కన పెడతారు. తక్కినవాటి పని సాగుతూనే ఉంటుంది. రద్దీ పెరిగితే మరో పాతిక దింపుతారు.

ఇన్ని బంట్లు ఇటూ అటూ పరుగెడుతుంటే గుద్దుకోవా అన్నది నా సందేహం. ఇంజనీరు కుర్రవాడు చెప్పాడు: "ముందున్న గడిని కంప్యూటరు దాని పేర రాసిపెట్టేదాకా బంటు అడుగు వెయ్యదండి. ఒకదానికి రాసిన గడిని రెండోదానికి రాయదు."

నాన్నగారి ముఖం వికసించింది. "ఓస్, ఇదా! సింగిల్ లైనులో టోకెను! టోకెను చేతికి రానిదే డ్రైవరు బండి కదపడు. ఆ టోకెను ఒక్కటే గనక ఎదురుబండి రాదు. మా రైల్వేవాళ్లకు ఇది పాత చింతకాయపచ్చడి నాయనా" అన్నారు. కుర్రవాడికి టోకెను సంగతి తెలియదు. నాన్నగారు పావుగంట పాఠం చెప్పారు. కుర్రవాడు చేతులు కట్టుకుని విన్నాడు.

చిరిగిన చీటీల బల్ల

మా అమ్మాయి పని బంట్లకు అందిచ్చే చోట కాదు. ఒక మూలగా పెద్ద బల్ల ఉన్నది. తడిసిన చీటీలు, చిరిగిన చీటీలు, కెమెరాకు అందని చీటీలున్న పార్సెళ్లన్నీ బంట్లు అక్కడికి తెచ్చి పోస్తాయి. ఆమె ఒక్కొక్కదాన్నే చూసి, కంప్యూటరులో వెతికి, కొత్త చీటీ అంటిస్తుంది.

మేము వెళ్లేసరికి ఆమె చేతిలో నీళ్లకు తడిసిన చీర పార్సెలున్నది. పేరు పోయింది. ఊరిపేరులో చివరి "మూడి" మిగిలింది. పిన్నులో 522 మిగిలింది. నాన్నగారు వంగి చూశారు.

"522 అంటే గుంటూరు వైపు. ఆ దాపున 'మూడి' అంటే నాకు తోచేవి రెండు. వడ్లమూడి, సంగం జాగర్లమూడి. ఏదైనా ఒకటేనమ్మా, తెనాలి సంచిలో వెయ్యి."

ఆమె ఆ పళంగా వెయ్యలేదు. మిగిలిన ఫోను నెంబరు అంకెలతో వెతికింది. వడ్లమూడి! తెనాలి సంచే! నాన్నగారు ఏమీ అనలేదుగాని, ఆ పూట ఆయన మరో టీ అడిగి తాగారు.

"ఈ బల్ల దగ్గర మీకు ఢోకా లేదన్నమాట" అన్నాను ఆమెతో, ఎలాగైనా ఒక మంచిమాట చెప్పాలని.

ఆమె నావంక చూసి, "ఈ బల్లకు ఒక్కరు చాలు మాస్టారూ" అన్నది. "బంట్లు రాకముందు మా వరసలో ఇరవైమందిమి సార్టు చేసేవాళ్లం. ఇప్పుడు ఆరుగురం. ఎవరినీ పొమ్మనలేదు. పదకొండు నెలల కాంట్రాక్టు అయిపోయాక, మళ్లీ రమ్మని ఫోను రాలేదు, అంతే. అప్పుడు కాళ్లు లాగేవి. రోజంతా నడకే. ఇప్పుడు నడక లేదు. కాని బంటు వచ్చి ఎదురుగా నిలబడుతుంది చూడండి, దానికి పార్సెలు అందించకపోతే వెనక ఇంకోటి నిలబడుతుంది. అది తిట్టదు, కసరదు. ఊరికే నిలబడుతుంది. తెరమీద మా అంకె తగ్గుతుంది."

ఈ మాట నాకు తరవాత కూడా గుర్తుండిపోయింది. 2020లో అమెరికాలో రివీల్ అనే పరిశోధక పత్రికా సంస్థవారు, అమెజాన్ కంపెనీ లోపలి కాగితాలు చూసి, మరబంట్లున్న గోదాముల్లో పనివాళ్లకు తగిలే తీవ్రమైన గాయాలు అవి లేని గోదాములకంటె సుమారు సగం ఎక్కువని రాశారు. కంపెనీవారు ఆ వాదం సరికాదన్నారు. కాని నడక తగ్గించిన యంత్రమే చేతుల వేగం పెంచుతుందన్న సంగతి ఈ అమ్మాయి ఏ కాగితమూ చూడకుండానే చెప్పింది. ఇహ, గుట్టలోంచి వస్తువు ఏరి తియ్యడం మనిషి చేతికే చెల్లుతుందన్న ధీమా కూడా ఎన్నాళ్లుంటుందో. 2022లో అమెజాన్‌వారు స్పారో అనే మరచేతిని చూపించారు. స్పారో అంటే పిచ్చుక. పిచ్చుక గింజలేరినట్టు అది వస్తువుల్ని ఏరుతుంది.

రోబో అనే మాట ఎలా వచ్చిందో క్లాసులో పిల్లలకు చెబుతూంటాను. కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో రాసిన నాటకంలో ఆ మాట మొదటిసారి వాడాడు. చెక్ భాషలో రోబోత అంటే నిర్బంధంగా చేయించుకునే చాకిరి. మన తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే మాట ఒకటున్నది: వెట్టి. వెట్టిని యంత్రానికి అప్పగిస్తే మనిషికి వెట్టి వదలాలి. వెట్టి వదలడమూ, కూడు వదలడమూ ఒకటే కాకుండా చూసుకోవడమే అసలు సమస్య.

నాన్నగారి జవాబు

సాయంత్రం గేటు దగ్గర ఆమె మళ్లీ అడిగింది. "తమ్ముడి సంగతి చెప్పలేదు మాస్టారూ."

నేను నీళ్లు నమిలాను. నాన్నగారు అందుకున్నారు.

"అమ్మాయ్, నేను చేరినప్పుడు మాకు ఒక హెడ్డు సార్టరుగారుండేవారు. నాలుగు జిల్లాల పల్లెలు ఆయన నాలుకమీద ఉండేవి. చింతచెట్టు గుర్తు రాసినా ఉత్తరం చేర్చేవాడు. పిన్ను బాగా అలవాటయిన పదేళ్లకు, ఆయన్ని ఏదైనా అడిగేవాడే లేకపోయాడు. అంకె చూసి ఎవరైనా వేసేవారు. సర్కారు ఉద్యోగం గనక ఆయన అన్నం పోలేదు. మర్యాద పోయింది. మీ తమ్ముడికి ఆ అన్నం పూచీ కూడా లేదు. అంచేత, కొన్నాళ్లపాటు పంచే పనిలో చేరితే తప్పులేదుగాని, అదే ఉద్యోగమనుకుని రావద్దని చెప్పు."

"మరేం చెయ్యమంటారు తాతగారూ?"

నాన్నగారు తలతిప్పి ఇంజనీరు కుర్రవాణ్ణి పిలిచారు. "నాయనా, ఇందాక ఆ గదిలో బంట్ల పొట్టలు విప్పి కూర్చున్నారే, వాళ్లేం చదువుకున్నారు?"

"ఒకతను డిప్లొమా, ఇద్దరు ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్లండి. తక్కిన పని మేమే నేర్పాం."

"ముగ్గురేనా?"

"ముగ్గురేనండి" అన్నాడు కుర్రవాడు, కొంచెం నొచ్చుకుంటూ.

ముగ్గురే. పద్నాలుగుమంది పోయినచోట ముగ్గురు. ఆ లెక్క మా నలుగురికీ తెలుస్తూనే ఉన్నది. ఎవరమూ పైకి అనలేదు. ఈ లెక్కకు జవాబు ఒక్క ఇంటివాళ్లు చెప్పుకునేది కాదు. ప్రభుత్వాలూ, కంపెనీలూ, కాలేజీలూ కలిసి చెప్పవలసింది. అందులో నా భాగం నాకున్నది. పద్యం అంత బాగా చదివే పిల్లకు, డిగ్రీ చేతికిచ్చి, ఆ తరవాత ఏం చెయ్యాలో చెప్పకుండా పంపినవాణ్ణి నేనే గదా.

తిరుగుబండిలో నాన్నగారు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. గుంతకల్లు దాటాక, "ఏరా, వాటికి రాత్రి డ్యూటీ అలవెన్సు ఇవ్వనక్కర్లేదు గదూ?" అన్నారు. అక్కర్లేదన్నాను. "మాకు ఇచ్చేవారు" అని పడుకున్నారు.

సంక్రాంతి ముందు ఆ అమ్మాయి ఫోను చేసింది. తమ్ముడు వచ్చి మూడు నెలలు సంచులు కట్టాడట. వచ్చిన డబ్బులో ఇంటికి కొంత పంపి, ఐ.టి.ఐ. ఫీజుకు కొంత దాచాడట. వచ్చే యేడు ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరతాడట. ఆమె కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది. తరవాత ఏమిటని అడిగాను.

"ఎమ్.ఏ. తెలుగుకు దూరవిద్యలో కడదామనుకుంటున్నాను మాస్టారూ. పుస్తకాలు మీరే ఇవ్వాలి" అన్నది.

పుస్తకాలు కట్ట కట్టాను. పైన ఊరూ, పేరూ, పిన్నూ నాన్నగారే రాశారు. అంకెలు ఒక్కొక్కటీ విడదీసి, పెద్దవిగా, బంటుకు కూడా తెలిసేటట్టు రాశారు.